అండమాన్ గ్యాస్‌పై మొదటి హక్కు ఎవరిది?

అండమాన్ సముద్రంలో సహజవాయువు జాడ దొరికిందని 2025 సెప్టెంబరులో కేంద్ర పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పురి ప్రకటించారు. తూర్పు తీరానికి 17 కిలోమీటర్ల దూరంలో, 295 మీటర్ల లోతు నీటిలో ఆయిల్ ఇండియా తవ్విన శ్రీ విజయపురం-2 బావి అది. నమూనాలను ఓడలో కాకినాడకు తెచ్చి పరీక్షించగా 87 శాతం మీథేన్ ఉన్నట్టు తేలింది. నిక్షేపం పరిమాణం, వాణిజ్యపరంగా దాని విలువ ఇంకా నిర్ధారణ కావలసి ఉందని మంత్రే చెప్పారు. అయినా, అంతకు కొన్ని నెలల ముందే ఆ సముద్రాన్ని ఆయన గయానాతో పోల్చారు.

ప్రకటనకూ సరఫరాకూ మధ్య ఎంత దూరముంటుందో కాకినాడ తీరానికి బాగా తెలుసు. 2002లో రిలయన్స్ కనుగొన్న కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాది రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయిని తాకి, ఆపై వేగంగా పడిపోయింది. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాస్ ఆగిపోయింది. దానిని నమ్ముకొని అప్పులతో కట్టిన ప్లాంట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి పనిలేక నిలిచాయి. అదే బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువును కనుగొన్నదని 2005లో నాటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించారు. ఆ అంచనా నిలవలేదు. అప్పుల్లో కూరుకుపోయిన సంస్థ నుంచి 80 శాతం వాటాను 2017లో ఓఎన్‌జీసీ కొన్నది.

గ్యాస్ పారే దారిలో బతికేవారి కథ వేరు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. నష్టం స్థానికులది, నిర్ణయాధికారం ఢిల్లీది.

దేశానికి గ్యాస్ అవసరం నిజమే. వాడకంలో దాదాపు సగం దిగుమతే. 2028 నుంచి మరో 20 ఏళ్లపాటు ఏటా 75 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ కొనడానికి పెట్రోనెట్ 2024లో ఖతార్‌తో ఒప్పందం చేసుకుంది. ఈ పరిస్థితిలో అన్వేషణను తప్పుపట్టలేం. ప్రశ్న వేరే ఉంది: దొరికిన గ్యాస్ ఎవరికి?

అండమాన్ దీవుల్లో దీపం వెలగాలంటే ప్రధానంగా ఓడల్లో వచ్చే డీజిలే ఆధారం. ప్రధాన భూభాగం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. నిక్షేపం చిన్నదైతే అంత పైపులైను గిట్టుబాటు కాదు. కాని దీవుల విద్యుత్తుకు అది చాలవచ్చు. అందువల్ల మొదటి కేటాయింపు దీవులకేనని కేంద్రం ముందుగానే చట్టబద్ధంగా ప్రకటించాలి. స్వతంత్ర నిపుణులు ధ్రువీకరించిన అంచనాలను, పర్యావరణ నివేదికలను పార్లమెంటు ముందుంచాలి. అంతవరకు గయానా ప్రస్తావన మానాలి.

శాసనసభ లేని, ఒకే ఒక్క లోక్‌సభ స్థానమున్న ఈ కేంద్రపాలిత ప్రాంతంలో ఇది అడగవలసిన వేదిక కూడా దాదాపు లేదు. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన ఆ దీవుల తరఫున ఈ డిమాండును, ఒకసారి మోసపోయిన గోదావరి తీర ప్రజాప్రతినిధులైనా పార్లమెంటులో వినిపించాలి.