పిల్లికూనకి మందు కన్నా దువ్వెన ముందు

వానాకాలం మొదలైతే చాలు, మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడుతుంది. మెస్ వెనక అట్టపెట్టెలో మూడో నాలుగో పిల్లికూనలు, కింద ఒకటే ప్రశ్న: "ఒళ్ళంతా పేలు రా, ఏం చెయ్యాలి?" ఐదు నిమిషాల్లో సలహాల వర్షం. కుక్కల పౌడర్ చల్లు. వేపనూనె పట్టించు. డెటాల్ నీళ్ళతో కడుగు. కర్పూరం రాయి. ఒకడైతే కిరసనాయిలు అన్నాడు. అందరూ మంచి మనసుతో చెప్పేవాళ్ళే, కాదనను. కానీ ఈ లిస్టులో ఒక్కటి కూడా నెల రోజుల కూన మీద వాడదగ్గది కాదు. ఎనిమిది వారాలు నిండని కూనకి మొదటి వైద్యం పేల దువ్వెన. మందు సీసా అంటూ వస్తే అది పశువైద్యుడు చెప్పాకే రావాలి. ఇదీ నా వాదన.

ముందు పేరు సంగతి. మనం అన్నిటినీ పేలు, గోమార్లు అనేస్తాం. పిల్లుల మీద ఎక్కువగా ఉండేవి ఫ్లీలు. రెక్కలుండవు, రెండు పక్కల నుంచీ నొక్కినట్టు సన్నగా, ముదురు గోధుమరంగులో, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటాయి. వేలు పెడితే ఎగిరి దూకుతాయి. పేలు దూకలేవు, గోమార్లూ దూకలేవు. అనుమానం ఉంటే బొచ్చులో కనిపించే నల్లటి పొడిని కాస్త తడి దూది మీద వెయ్యండి. తుప్పు రంగు ఎర్రగా దిగిందంటే అది ఫ్లీల మలం, అంటే అరిగిన రక్తం.

ఆ రక్తం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. "వీధి పిల్లులు కదా, వాటికి అలవాటే, వదిలెయ్" అనేవాళ్ళకి ఒక చిన్న లెక్క. నాలుగు వారాల కూన సుమారు 400 గ్రాములు ఉంటుంది. పిల్లి ఒంట్లో కిలోకి దాదాపు 60 మిల్లీలీటర్ల రక్తం. అంటే ఈ కూన మొత్తం ఆస్తి 24 మిల్లీలీటర్లు, ఐదు టీస్పూన్లు కూడా నిండవు. దాన్ని పదుల కొద్దీ ఫ్లీలు రాత్రింబవళ్ళు తాగుతుంటే పెద్ద పిల్లికి దురదతో పోయేది కూనకి ప్రాణం మీదికొస్తుంది. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు తెల్లబడతాయి, ఒళ్ళు చల్లబడుతుంది, పాలు తాగడం మానేస్తుంది. కాబట్టి వదిలెయ్యడం నా దృష్టిలో దయ కాదు, బద్ధకం.

అలాగని కంగారుపడి ఏదో ఒకటి చల్లేస్తే ఇంకా ఘోరం. పోయినేడాది మా బ్లాక్‌లో ఒక సీనియర్ ఇంట్లో కుక్కకి వాడే పౌడర్ తెచ్చి రెండు కూనలకి చల్లాడు. సాయంత్రానికి రెండూ వణకడం మొదలుపెట్టాయి, తర్వాత ఫిట్స్. ఒకటి దక్కలేదు. కుక్కల మందుల్లో చాలావాటిల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైముల బలం చాలా తక్కువ, విషం ఒంట్లోనే ఉండిపోయి నరాల మీద దెబ్బకొడుతుంది. "సగం డోసు వేస్తే సరి" అనే తెలివి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇది సైజు తేడా కాదు, శరీరం తేడా.

ఇక "నేచురల్" బ్యాచ్. వీళ్ళతోనే నాకు ఎక్కువ పేచీ. ప్రకృతిలో దొరికింది కాబట్టి హాని చెయ్యదంటే ఉమ్మెత్తకాయ కూడా ప్రకృతిదే! కర్పూరం, టీ ట్రీ నూనె పిల్లులకి విషం. వెల్లుల్లి వాటి ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది, అసలే రక్తం తక్కువైన కూనకి అంతకన్నా ఏం కావాలి? పైగా పిల్లి ఒంటి మీద రాసింది ఒంటి మీద ఉండదు. నాకి నాకి కడుపులోకి పంపుతుంది. డెటాల్, ఫినాయిల్, కలరా ఉండలకీ ఇదే మాట.

మరి దువ్వెన ఎలా పనిచేస్తుంది? మా అమ్మమ్మ ఈర్పెన అనేది, పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న పేల దువ్వెన. మగ్గులో గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. ఉత్తి నీళ్ళలో ఫ్లీ తేలుతూ మళ్ళీ దూకేస్తుంది, సబ్బు తలతన్యతని తగ్గిస్తుంది కాబట్టి మునుగుతుంది (ఫస్టియర్ ఫిజిక్స్ చివరికి ఒక ప్రాణానికి పనికొచ్చింది). మెడ, గడ్డం కింద, పొట్ట, తోక మొదలు దగ్గర నెమ్మదిగా దువ్వి, ప్రతిసారీ దువ్వెన మగ్గులో ముంచాలి. పూటకి పది నిమిషాలు, రోజుకి రెండు పూటలు. రీల్ తీసే టైంలో అయిపోయే పనే.

స్నానం అంత తేలిక కాదు. నాలుగు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తనే కాపాడుకోలేదు, తడిస్తే చలికే పోవచ్చు. అంత చిన్నవాటికి దువ్వెనే గతి. కాస్త పెద్దవై హుషారుగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళతో ఒక్కసారి, త్వరగా. ముందు మెడ చుట్టూ నురగ పట్టించాలి, లేకపోతే ఫ్లీలన్నీ తల మీదికి, కళ్ళ దగ్గరికి పరిగెడతాయి. తల తడపొద్దు. వెంటనే తువ్వాలుతో పూర్తిగా ఆరబెట్టి వెచ్చగా ఉంచాలి.

ఇంత చేసి అదే పాత గోనెగుడ్డ మీద పడుకోబెడితే చాకిరీ అంతా వృథా. మనకి ఒంటి మీద కనిపించేవి మొత్తం ఫ్లీలలో దాదాపు 5 శాతమే అంటారు. మిగతావి గుడ్లు, లార్వాలు, ప్యూపాలుగా పడకలో, నేల పగుళ్ళలో ఉంటాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది, అవి బొచ్చుకి అంటుకోకుండా కిందికి రాలిపోతాయి. అట్టపెట్టె పారెయ్యండి. గుడ్డలు మరిగే నీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యండి, నాలుగు రోజులకోసారి మార్చండి. తల్లిని మరిచిపోవద్దు, కూనలకి అంటుకునేది ముఖ్యంగా దాని నుంచే. పాలిచ్చే తల్లికి ఏ మందు పడుతుందో మాత్రం డాక్టరునే అడగాలి.

చిగుళ్ళు తెల్లగా ఉంటే దువ్వెనతో కూర్చోకండి, సరాసరి పశువైద్యశాలకి తీసుకెళ్ళండి. చాలా చిన్న కూనలకి కూడా వాడదగ్గ మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. కానీ డోసు బరువుని బట్టి. అందుకని బయల్దేరే ముందు వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి, అందులో కూనని కూర్చోబెట్టి, గ్రాములు రాసుకోండి. "ఇంత ఉంటుంది సార్" అని అరచెయ్యి చూపిస్తే ఏ డాక్టరూ డోసు చెప్పలేడు.