నష్టం పట్టికలో కళాకారుడికీ చోటివ్వాలి

తుపాను తీరం దాటిన మర్నాటి నుంచే నష్టం లెక్కలు మొదలవుతాయి. కూలిన ఇల్లు, మునిగిన చేను, చనిపోయిన పశువు, కొట్టుకుపోయిన పడవ, చిరిగిన వల, అన్నిటికీ ఆ పట్టికలో చోటుంది. ఉండాల్సిందే. తడిసి ముడుచుకుపోయిన తోలుబొమ్మలకు, రంగులు కారిపోయిన నాటకం తెరలకు, నీళ్లు తాగిన హార్మోనియానికి మాత్రం అందులో చోటు లేదు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఖర్చు చేయడానికి కేంద్రం 2022-26 కాలానికి ఇచ్చిన నిబంధనల్లో చేనేత, హస్తకళల వారి ప్రస్తావన ఉంది. పాడైన పనిముట్లకు 5,000 రూపాయలు, ముడిసరుకు, తయారైన సరుకు నష్టానికి మరో 5,000. మగ్గం గుంటలో నీళ్లు నిలిచి పడుగు కుళ్లిపోయిన నేతగాడికి ఈ సాయం ఏ మూలకూ చాలదు. ఆడి, పాడి బతికే వారి పేరైతే ఆ నిబంధనల్లో విడిగా లేనే లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో మ్యూజియాలకు, వారసత్వ కట్టడాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రాతి కట్టడానికి దక్కిన ఆ శ్రద్ధ, కళను ఒంట్లో మోస్తున్న మనిషికీ దక్కాలి.

కళాకారుడికి జరిగే నష్టం తీరు వేరు. మన తీరాన్ని పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే తాకుతాయి. 1977 దివిసీమ ఉప్పెన నవంబరులో వచ్చింది, 2014 హుద్‌హుద్ అక్టోబరులో. సంక్రాంతి నుంచి శివరాత్రి, శ్రీరామనవమి మీదుగా సాగే జాతరల కాలం ఆ వెంటనే మొదలవుతుంది. సరంజామా పోయిన నాటక సమాజం ఒప్పుకున్న ఆటలు వదులుకుంటే ఆ ఏడాది సంపాదనే పోయినట్టు. తీరానికి దగ్గరలోని పెడనలో కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులే ప్రాణం. నీటిలో నాని వంకరపోయిన అచ్చును మళ్లీ చెక్కించాలంటే డబ్బు ఒక్కటే సరిపోదు, చెక్కే చేయి కూడా దొరకాలి. ఆ చేతులు తగ్గిపోతున్న కాలంలో ఆలస్యమైన సాయం అందని సాయంతో సమానమే.

ముందు తిండి, గూడు చూడాలి గానీ తెరలు, బొమ్మల సంగతి ఇప్పుడెందుకని కొందరు అడుగుతారు. తిండి, గూడు ముందనడంలో సందేహం లేదు. మొదటి వారం అన్నానిది. మూడో నెల మాత్రం బతుకుతెరువుది. రైతుకు విత్తనం, మత్స్యకారుడికి వల ఇవ్వడంలో ఉన్న న్యాయమే డప్పు కళాకారుడికి డప్పు ఇవ్వడంలోనూ ఉంది. అసలు కళాకారులెవరో తేల్చడం కష్టమని, దొంగ పేర్లు చేరతాయని మరో అభ్యంతరం. అది నిజమైన భయమే. ముందస్తు నమోదు దానికే మందు. వరద వచ్చాక రాసే జాబితాలో పైరవీలు జొరబడతాయి. ఏ బృందంలో ఎవరున్నారు, ఏ వాద్యాలున్నాయి, ఎన్ని తెరలున్నాయి అని ఫొటోలతో సహా వానాకాలానికి ముందే రాసుకున్న జాబితాలో పైరవీకి సందు తక్కువ. ఇక దాతలు ఆదుకుంటారుగా అనే మాట. 2018 వరదల్లో తడిసిన చేందమంగలం చేనేత బట్టతో కేరళ స్వచ్ఛంద సేవకులు ‘చేక్కుట్టి’ బొమ్మలు చేయించి నేతగాళ్లకు అండగా నిలిచారు. 2005 కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో దాతలు, వాలంటీర్లు కలిసి ‘మ్యుజీషియన్స్ విలేజ్’లో 72 ఇళ్లు కట్టారు. రెండూ గొప్ప పనులే. అయితే దేశం కళ్లు పడిన చోటికే దానం పరిగెడుతుంది, మారుమూల పల్లెలోని బృందం దాని కంట పడదు. హక్కుగా అందే సాయమే అందరికీ అందుతుంది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. వృద్ధ కళాకారుల పింఛన్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల వద్ద పేర్లు ఇప్పటికే ఉన్నాయి. వాటికి పనిచేసే వయసులోని కళాకారులను, వారి సరంజామా వివరాలను చేర్చాలి. తీర జిల్లాల్లో తుపాను కేంద్రాల్లోనే బొమ్మలు, వాద్యాలు, అచ్చులు దాచుకోవడానికి ఎత్తయిన గది ఒకటి కేటాయించాలి. బృందాలకు సామూహిక బీమా చేయించి ప్రీమియంలో సగమైనా ప్రభుత్వం భరించాలి. సాయం నెల లోపు చేతికందేలా జిల్లా కలెక్టరు వద్ద చిన్న నిధి ఉంచాలి. నాటక సమాజాలు, సభలు కూడా తమ వస్తువుల జాబితా తామే రాసుకుని ఒక ప్రతిని మరో ఊళ్లో భద్రపరచుకోవాలి. తుపానును ఆపడం మన చేతుల్లో లేదు. నష్టం పట్టికలో ఒక వరుస చేర్చడం మన చేతుల్లోనే ఉంది, వచ్చే వానాకాలానికి ముందే ప్రభుత్వాలు ఆ పని చేయాలి.