రహీమ్ మాస్టారు, బర్నబా, మన డ్రిల్లు మాస్టారు



ప్రియులారా, పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూటానికి నలుగురు పిల్లలు రాలేదు. హైస్కూలు గ్రౌండులో వాలీబాల్ ఆడుతున్నారని తెలిసి వేదిక మీద నుంచే గద్దించాం. ఆటలు లోకసంబంధమైనవి అన్నాం. ఆ మాట తప్పు. పౌలు భక్తుడే కొరింథీయులకు రాస్తూ పరుగు పందెగాళ్ల మాట ఎత్తాడు కదా!

ఆ తరువాత మాకు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు గుర్తుకొచ్చారు. హైదరాబాదులో బడిపంతులు. ముందు సిటీ పోలీసు జట్టుకు ఫుట్‌బాల్ నేర్పారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం వచ్చిందీ ఆయన చేతి కిందే. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. అంత అవమానం జరిగితే మనమైతే ఇంటికి పంపించేసేవాళ్లం. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మీదే 4-2తో ఓడించి మన జట్టు సెమీఫైనల్‌కు వెళ్లింది, నాలుగో స్థానంలో నిలిచింది.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం బీదింటి కుర్రాడు. గ్రౌండుకు రావడానికి సైకిలు అద్దె డబ్బులు కూడా మాస్టారే ఇచ్చారు. ఆ కుర్రాడు 1962లో జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1. తలకు దెబ్బ తగిలిన డిఫెండరు జర్నైల్ సింగును ముందు వరుసలో ఆడించారు, అతనే ఒక గోలు కొట్టాడు. అప్పటికే మాస్టారుకు క్యాన్సరు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆయన ముసల్మాను కదా, మన సంఘంలో ఆయన ఊసెందుకని ఒక పెద్దాయన అడిగారు. సమరయుని కథ చెప్పినది మన ప్రభువే అన్నాం. ఆయన ఇంకేమీ అనలేదు.

మనకు బర్నబా ఉన్నాడు. తార్సుకు వెళ్లి సౌలును వెదికి అంతియొకయకు తీసుకొచ్చినవాడు. పౌలు వద్దన్న మార్కును వెంటబెట్టుకొని ఓడ ఎక్కినవాడు. ఆ తరువాత అపొస్తలుల కార్యములలో బర్నబా ఊసే లేదు. మేము పౌలు మీద ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు, బర్నబా మీద రెండో మూడో. మన సత్తెనపల్లిలో గెలిచిన పిల్లవాడికి దండ వేస్తాం, ఫోటో వాట్సాప్‌లో పెడతాం. వాడికి సర్వీసు కొట్టడం నేర్పిన మనిషి పేరు అడగం.

మంగళవారం ఆ నలుగురికి ఆట నేర్పే డ్రిల్లు మాస్టారు ఇంటికి వెళ్లాం. రిటైరై చాన్నాళ్లయింది, మోకాళ్ల నొప్పులు, అయినా రోజూ సాయంత్రం గ్రౌండుకు వెళ్తారు. మా గద్దింపు సంగతి పిల్లలు చెప్పే ఉంటారు, ఆయన మాత్రం ఎత్తలేదు. టీ ఇచ్చి, నెట్టు చిరిగిపోయిందండీ అన్నారు.

మందిరం వెనుక మిరపకాయలు ఆరబోసే ఖాళీ స్థలం ఉంది కదా. రెండు వెదురు గుంజలు, ఒక నెట్టు చాలు. కూటం వేళ మార్చి, ముందు ఆట, తరువాత ప్రార్థన పెడదామని మా ఆలోచన. సంఘ పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. శనివారం కమిటీలో మళ్లీ అడుగుతాం. మీరూ రండి.