తపాలచెక్కకు బోర్డేది?

అచ్చంపేట నుంచి పట్నం పోయిన విద్యార్థికి, ఉద్యోగికి ప్యారడైజ్ బిర్యానీ అంటే ప్రాణం. మాకూ అంతే. పరీక్ష పాసైనా, మొదటి జీతం అందినా సికింద్రాబాద్ బస్సెక్కాల్సిందే. 1953లో సినిమా టాకీసు పక్కన చిన్న క్యాంటీన్‌గా మొదలైన ఆ హోటల్‌కు ఇవాళ అనేక నగరాల్లో శాఖలున్నాయి. మన గడ్డ రుచికి దక్కిన గౌరవమది.

మరి మన ఇంటి రుచి సంగతేంది? బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు కలిపి, తపాల అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి కాల్చే తపాలచెక్క సంగతేంది? సర్వపిండి అన్నా, గిన్నప్ప అన్నా అదే. పల్లి పండించేది మన రైతు. వండే నేర్పు మన తల్లులది. గల్లీగల్లీకి ఆంధ్రా మెస్ బోర్డులు చూసి ఒకనాడు మనసు కష్టపెట్టుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తపాలచెక్క బోర్డు ఎన్ని బస్టాండ్లలో కనిపిస్తోంది?

2024లో ప్రభుత్వం మహిళా శక్తి క్యాంటీన్లు మొదలుపెట్టింది. వాటిలో తపాలచెక్క, జొన్నరొట్టె ముందు వరుసలో ఉండాలి. పల్లీలు, జొన్నలు స్థానిక రైతు దగ్గరే కొనాలి. బిర్యానీ మానమని మేము అనడం లేదు. ప్యారడైజ్ సైతం ఒకనాడు చిన్న క్యాంటీనే. కొనేవాళ్లు నిలబడితేనే చిన్న పొయ్యి పెద్ద హోటలైతది. విద్యార్థులారా, ఉద్యోగులారా, ఆ కొనేవాళ్లం మనమే కావాలి!