మూడు చక్రాలు ఉంటే చాలదు

రోజూ బజారుకి వెళ్లడానికీ, వారంలో రెండు మూడుసార్లు పరుగెత్తడానికీ కలిపి ఒకే చిన్న మూడు చక్రాల బగ్గీ కొనొచ్చా? కొనొచ్చు అనే నేను అంటాను. కానీ షాపులో చాలామంది ముందు చూసేది రంగు, తర్వాత బరువు, తర్వాత మడత. నేను ముందు చూడమనేది ముందు చక్రాన్ని. మిగతావన్నీ దాని తర్వాతే.

మొదట మాట సంగతి. ఇక్కడ లండన్‌లో దీన్ని బగ్గీ అంటారు, పుష్‌చెయిర్ అని కూడా అంటారు. అమెరికాలో ఉన్న మా పిన్ని పిల్లలు స్ట్రోలర్ అంటారు. తెలుగులో ఏమనాలో నాకు తేలలేదు. తోపుడు బండి అంటే కూరగాయల బండి అయిపోతుంది. "మూడు చక్రాల బండి కొంటున్నాను" అని తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పాను. పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే చెక్క బండి అనుకుని, "అప్పుడే నిలబడుతోందా?" అని సంబరపడింది. ఆ బండిని పిల్లలు తోస్తారు. ఈ బండిలో పిల్లల్ని మనం తోస్తాం. అందుకని బగ్గీ అనే రాస్తున్నాను. తెలుగులో బగ్గీ అంటే గుర్రపు బండి కదా అంటారేమో. ఇక్కడ గుర్రాన్ని నేనే కాబట్టి ఫరవాలేదు.

ఇక అసలు విషయం. చిన్నగా మడిచే బగ్గీది ఒక వంశం, పరుగెత్తే బగ్గీది ఇంకో వంశం. మొదటిదాన్ని 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు రూపొందించాడు. ఆయన అంతకుముందు స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. ఆయన చేసిన బగ్గీ గొడుగులా ముడుచుకునేది, బరువు మూడు కిలోల లోపే. రెండోదాన్ని 1984లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, యాకిమా అనే ఊళ్లో, ఫిల్ బేక్లర్ అనే పాత్రికేయుడు తయారుచేశాడు. తన కొడుకుని కూర్చోబెట్టి పరుగెత్తడానికి సైకిల్ చక్రాలు బిగించుకున్నాడు. బేబీ జాగర్ కంపెనీ అలా మొదలైంది.

ఒకటి చిన్నగా అయిపోవాలంటుంది. ఇంకొకటి పెద్ద చక్రాలు, పొడవైన చట్రం కావాలంటుంది. మనం అడుగుతున్నది ఈ రెండు వంశాలకీ పెళ్లి చేయమని. సంబంధం కుదురుతుంది, కానీ రెండు వైపులా కొంత సర్దుకోవాలి. ఉదాహరణకి విమానంలో పైన పెట్టుకునేంత చిన్నగా మడిచే యోయో 2 బరువు 6.2 కిలోలు. పరుగు కోసం చేసిన థూలే అర్బన్ గ్లైడ్ 2 సుమారు 11.5 కిలోలు, వెడల్పు 69 సెంటీమీటర్లు. మనం వెతికేది ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ముందు చక్రం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. షాపు సందుల్లో తిరగాలంటే అది అన్ని వైపులా తిరగాలి. పరుగెత్తేటప్పుడు మాత్రం ఆ తిరగడమే ప్రమాదం. సూపర్ మార్కెట్ ట్రాలీని జోరుగా తోస్తే ఒక చక్రం గడగడా ఊగిపోవడం మీరు చూసే ఉంటారు. బగ్గీ ముందు చక్రం అలా ఊగినా, రాయి తగిలి అడ్డం తిరిగినా బండి ఒక్కసారిగా ఆగి పక్కకి ఒరుగుతుంది. లోపల మన పిల్ల ఉంటుంది. అందుకే ఆ చక్రాన్ని నేరుగా ఉండేలా లాక్ చేసే వీలుండాలి.

లాక్ ఉంటే చాలా? చాలదు. సిటీ మినీ అనే మూడు చక్రాల బగ్గీ చాలా పేరున్నది. చేసేది అదే బేబీ జాగర్ కంపెనీ. పేరులోనే జాగర్ ఉంది. అయినా అది జాగింగ్ కోసం కాదని ఆ కంపెనీయే చెబుతుంది. పరుగుకి వాళ్లదే సమిట్ అనే వేరే మోడల్ ఉంది. కాబట్టి పేరు చూసి, చక్రాలు లెక్కపెట్టి కొనకండి. మాన్యువల్ తెరవండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం వచ్చే మామూలు బగ్గీల మాన్యువల్‌లో "పరుగుకి, స్కేటింగ్‌కి తగదు" అనే హెచ్చరిక ఉంటుంది. ఆ వాక్యం కనిపిస్తే అది నడక బగ్గీ. షాపు అబ్బాయి ఏం చెప్పినా సరే.

పరుగు కోసమే చేసిన బగ్గీలో ఇంకో మూడు చూడండి. ఒకటి, మణికట్టుకి కట్టుకునే పట్టీ. చేయి జారినా బండి మనల్ని వదిలి వెళ్లదు. రెండు, హ్యాండిల్ దగ్గర చేతి బ్రేకు. వాలులో వేగం తగ్గించేది అదే. కాలితో వేసే బ్రేకు బండి ఆగాక వేసేది. మూడు, గాలి టైర్లు, స్ప్రింగులు. మా ఇంటి దగ్గర గ్రీన్‌వే అనే బాట ఉంది. విక్టోరియా రాణి కాలంలో జోసెఫ్ బాజల్‌జెట్ కట్టించిన పెద్ద మురుగు కాలువ గట్టు మీద వేసిన బాట అది. చదునుగానే ఉంటుంది కానీ అక్కడక్కడ గులకరాళ్లు. వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో అయితే గడ్డి, గుంతలు. చిన్న ప్లాస్టిక్ చక్రాల మీద ఆ అదురంతా పిల్ల వెన్నుకే చేరుతుంది. షాపులోని నున్నటి నేల మీద తోసి చూస్తే ఇది తెలియదు.

పాత బగ్గీ కొనడం తప్పేమీ కాదు. కొత్తవాటి ధరలు చూస్తే నేనూ అదే చెబుతాను. కానీ ముందు చక్రం ఎలా బిగిస్తారో తెలుసుకోండి. అమెరికాలో 2018లో వినియోగదారుల భద్రతా సంస్థ, బాబ్ పేరుతో అమ్మిన పాత జాగింగ్ స్ట్రోలర్ల మీద కేసు వేసింది. సైకిల్ చక్రానికి ఉండేలాంటి మీట సరిగా బిగించకపోతే ముందు చక్రం ఊడిపోతోందని ఫిర్యాదు. అదే ఏడాది రాజీ కుదిరి, ఎలా బిగించాలో జనానికి నేర్పే ప్రచారం చేశారు. అంటే బండి బాగున్నా మీట సగం బిగిస్తే చాలు, ప్రమాదమే. పాతది కొంటే అమ్మేవాళ్ల ఎదుటే చక్రం ఊడదీసి మళ్లీ బిగించి చూడండి. మోడల్ పేరుతో రీకాల్ ఉందేమో వెతకండి.

ఇప్పుడు చిన్నగా ఉండటం సంగతి. లండన్‌లో ఇది సోకు కాదు, అవసరం. ఇక్కడి ట్యూబ్ స్టేషన్లలో మెట్లు లేకుండా వెళ్లగలిగేవి సుమారు మూడో వంతే. ఎలిజబెత్ లైన్ స్టేషన్లన్నిట్లో లిఫ్టో ర్యాంపో ఉంటుంది కానీ అది అన్ని చోట్లకీ వెళ్లదు. ఇక బస్సు. బస్సులో మనం బగ్గీ పెట్టే చోటు నిజానికి వీల్‌చెయిర్ చోటు. 2012లో లీడ్స్ వెళ్లే బస్సు ఎక్కబోయిన డగ్ పాలీ అనే ఆయనకి ఆ చోటు దొరకలేదు. అక్కడ బగ్గీలో పాప నిద్రపోతోంది, ఆ తల్లి మడవడం కుదరదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవరు ఒకసారి అడిగి ఊరుకుంటే సరిపోదని 2017లో తీర్పు వచ్చింది. నాకు ఆ తల్లి మీద కోపం లేదు. నిద్రపోయే పిల్లని లేపడం ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుసు. కానీ మడవలేని బగ్గీతో బస్సెక్కితే ఆ కష్టం ఇంకొకరి మీద వేసినట్టే. అందుకే షాపులో ఈ పరీక్ష పెట్టండి. పిల్లని ఒక చంకన ఎత్తుకుని, రెండో చేత్తో బగ్గీ మడవండి. మడవలేకపోతే అది మీ బగ్గీ కాదు.

ఇంట్లో కూడా కొలవండి. మడిచిన కొలత చూసి వరండాలో నేల మీద పాత పేపర్లు పరిచి ఆ చోటు గుర్తుపెట్టండి. రెండు రోజులు దాని పక్కనుంచి నడవండి. విసుగు రాకపోతే కొనండి. సామాన్ల బుట్ట ఎన్ని కిలోలు మోస్తుందో చదవండి. మనవాళ్ల షాపులో పది కిలోల సోనామసూరి బస్తా కనబడగానే హ్యాండిల్‌కి తగిలించాలనిపిస్తుంది. తగిలించొద్దు. పిల్లని బయటికి తీసిన క్షణంలో బండి వెనక్కి పల్టీ కొడుతుంది. మలుపులో బరువు ఒక పక్కకి ఉంటే మూడు చక్రాల బండి ఇంకా తేలికగా ఒరుగుతుంది. ఎండకి చున్నీ కూడా కప్పొద్దు. లోపల గాలాడక వేడెక్కిపోతుందని ఇక్కడి లల్లబై ట్రస్ట్ హెచ్చరిస్తుంది. దాని బదులు పెద్ద టాపు ఉన్న బగ్గీ చూసుకోండి.

ఇంతవరకు చెప్పినవి ఏ అమ్మకైనా పనికొస్తాయి. ఇప్పుడు చెప్పేది నాలాంటివాళ్ల కోసం.

పరుగు బగ్గీల్లో పిల్ల ముందుకి చూస్తూ కూర్చుంటుంది. మన ముఖం కనబడదు. 2008లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో సుజాన్ జీడిక్ బగ్గీల మీద ఒక అధ్యయనం చేసింది. పిల్లలు తమ వైపు తిరిగి కూర్చునే బగ్గీల్లో పెద్దవాళ్లు వాళ్లతో దాదాపు రెట్టింపు మాట్లాడుతున్నారని తేలింది. నాకు ఇది ధర కంటే పెద్ద విషయం. మా ఇంట్లో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. అది కూడా పెద్దయ్యాక పుస్తకాలు చూసి, అమ్మని విసిగించి నేర్చుకున్న తెలుగు. నా కూతురికి ఆ భాష వచ్చే దారి నా నోరే. రోజుకి గంట బగ్గీలో ఉంటే, ఆ గంట మౌనంగా పోకూడదు.

అమ్మ అభిప్రాయం వేరు. "చంకనేసుకుని వెళ్తే పోయేదానికి ఇన్ని వందల పౌండ్లా? పైగా పరుగా? పిల్ల బుర్ర అదిరిపోతుంది" అంది. అమ్మ మాటలో సగం సరైనదే. చంకలో ఉన్న పిల్లకి మన ముఖం, మన మాట రెండూ దగ్గర. దగ్గరి దూరాలకి నేను ఇప్పటికీ అలాగే వెళ్తాను. అదురు గురించి కూడా అమ్మ భయం ఉత్తది కాదు. పిల్ల మెడ గట్టిపడాలి. చాలా కంపెనీలు కనీసం ఆరు నెలలు నిండేదాకా పరుగెత్తొద్దంటాయి, కొన్ని ఇంకా ఆగమంటాయి. తల్లి శరీరం కూడా కోలుకోవాలి. ఇక్కడి ఫిజియోథెరపిస్టులు 2019లో రాసిన మార్గదర్శకాల్లో, ప్రసవం అయ్యాక పరుగు మొదలుపెట్టడానికి కనీసం మూడు నెలలు ఆగాలని ఉంది.

కానీ మిగతా సగం నేను ఒప్పుకోను. తల్లి పరుగెత్తడం సోకు అనే మాట అందులో దాగి ఉంది. పరుగు నాకు మందులాంటిది. ఆ అరగంట తర్వాత నేను ఓపికగా ఉంటాను, ఎక్కువ మాట్లాడతాను. పిల్లకి అది లాభమే.

ముఖం కనబడని లోటుకి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే సరైన తేలిక వేగం అని పరుగు నేర్పేవాళ్లు చెబుతారు. పిల్ల బండిలో ఉన్నప్పుడు అంతకంటే వేగం అక్కర్లేదు. కాబట్టి నేను తెలుగులో మాట్లాడుతూనే ఉంటాను. "అదిగో బాతు. ఇదిగో వంతెన. ఇప్పుడు ఎక్కుతున్నాం. ఇప్పుడు దిగుతున్నాం." అడుగులు లెక్కపెడతాను. ఇరవై దాటాక వాక్యం మధ్యలో ఊపిరి ఆగితే వేగం తగ్గిస్తాను. బెంచీ కనబడిన చోట ఆగి, ముందుకి వెళ్లి, ఎదురుగా కూర్చుని అవే మాటలు మళ్లీ చెబుతాను. నా తెలుగుకి కూడా ఇది మంచి సాధన. బండిలో ఉన్నావిడ నా విభక్తులు దిద్దదు.

చివరగా నా తీర్పు. మీరు ఇప్పటికే వారానికి రెండుసార్లైనా పరుగెత్తేవాళ్లైతే, పరుగుకి తగినదని కంపెనీ రాసిచ్చిన మూడు చక్రాల బగ్గీల్లో అన్నిటికంటే చిన్నగా మడిచేది కొనండి. రోజువారీ పనుల్లో ఆ రెండు మూడు కిలోల ఎక్కువ బరువు భరించవచ్చు. "బగ్గీ కొంటే పరుగు మొదలుపెడతాను" అనుకునేవాళ్లైతే కొనొద్దు. తేలికైన మామూలు బగ్గీ, వీలైతే పిల్ల మీ వైపు తిరిగేది కొనండి. పిల్లని అరగంట ఇంట్లోవాళ్లకి అప్పజెప్పి ఒంటరిగా పరుగెత్తండి. నడక బగ్గీని పరుగెత్తించడం మాత్రం ఈ రెండు దారుల్లోనూ లేదు.

దీనికి మీ ఇంట్లో ఏ మాట వాడతారో చెప్పండి. తోపుడు బండి కంటే మంచిది దొరికితే వచ్చే పోస్టు నుంచి అదే రాస్తాను.