పదవ తరగతి తరువాత ఏ గ్రూపు? ముందు బిడ్డను అడగండి



పదవ తరగతి ఫలితాలు వెలువడగానే ఇంటింటా వినిపించే ప్రశ్న ఒకటే: ఎంపీసీయా, బైపీసీయా? ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీల ప్రస్తావన రావడమే అరుదు. 15 ఏళ్ల బిడ్డ భవిష్యత్తును పెద్దలు ఒక్క సాయంత్రంలో తేల్చివేసి, మరునాడే ఫీజు కట్టి వస్తారు.

ఇతరులకు హితవు చెప్పే ముందు నా పొరపాటును ఒప్పుకోవాలి. వైద్యుని కుమారుడు వైద్యుడే కావాలన్న పట్టుదలతో మా అబ్బాయిని బైపీసీలో చేర్పించాను. వాడికి లెక్కలంటే ప్రాణం. అర్ధ సంవత్సరమైనా గడవకముందే తలనొప్పి, కడుపునొప్పి, నిద్రలేమి మొదలయ్యాయి. నేను మాత్రలు ఇచ్చానే గాని, కారణం అడగలేదు. ఆసుపత్రిలో రోగుల మాట ఓపికగా విన్నవాడిని, ఇంట్లో కన్నబిడ్డ మాట వినలేకపోయాను. చివరకు వాళ్ల అమ్మ కలగజేసుకున్నాక, మరుసటి ఏడు ఎంపీసీలో మొదటి నుంచి చేరాడు. ఒక సంవత్సరం వృథా అయింది. ఆ తప్పు నాది, వాడిది కాదు.

అందుకే చెబుతున్నాను. గ్రూపును ఎంచుకోవడమంటే హోదాను ఎంచుకోవడం కాదు, రేపు ప్రతిదినం చేయవలసిన పనిని ఎంచుకోవడం. "డాక్టరువవుతావా?" అని అడిగితే ఏ బిడ్డైనా తల ఊపుతుంది. రోగుల మధ్య పగలూ రాత్రీ పనిచేయడం ఇష్టమేనా అని అడగండి. ఎంబీబీఎస్ నాలుగున్నర సంవత్సరాలు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్, స్పెషలిస్టు కావాలంటే మరో 3 సంవత్సరాలు పడుతుందని కూడా చెప్పండి.

ఇటీవలి కాలంలో నీట్ పరీక్షను ఏటా 20 లక్షల మందికి పైగా రాస్తున్నారు. వారిలో సీటు రానివారే అధికం. అంతమాత్రాన బైపీసీ చదువు వ్యర్థం కాదు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, పశువైద్యం, వ్యవసాయ శాస్త్రం వంటి దారులెన్నో ఉన్నాయి. ఏ ఆసుపత్రీ కేవలం వైద్యులతో నడవదని నా సర్వీసంతా కళ్లారా చూశాను. అలాగే ఏ గ్రూపు చదివినా ఐదేళ్ల న్యాయవిద్యకు వెళ్లవచ్చు. వాణిజ్యం చదివినవారికి చార్టర్డ్ అకౌంటెన్సీ ఉంది. బిడ్డ కోరుకున్న కోర్సుకు ఏయే సబ్జెక్టులు తప్పనిసరో ముందుగా విచారించుకోండి. గ్రూపు ఆ తరువాతి మాట.

ఒక వైద్యునిగా మరొక మాట. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ఆ నిద్రను కాజేసే కళాశాల ఎంత పేరున్నదైనా మంచిది కాదు. బిడ్డ తిండి తగ్గించినా, మాటలు తగ్గించినా, తరచూ ఒంట్లో బాగాలేదన్నా బద్ధకమని కొట్టిపారేయకండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలక, ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది.

గ్రూపు తప్పయితే ఒక ఏడాది ఆలస్యంగానైనా దిద్దుకోవచ్చు. బిడ్డ మనసు విరిగితే అతికించే మందు మా వైద్యశాస్త్రంలో లేదు. ఈ రాత్రి భోజనాల వేళ మీ బిడ్డను అడగండి. అడిగాక, చెప్పేది చివరిదాకా వినండి.