ప్రధాన సంఖ్యలకు తెలుగు రాదా?



కుండల్‌వాడిలో తెలుగు ఇంట పెరిగి, మరాఠీ బడిలో చదివే పిల్లలను "మూళ సంఖ్య అంటే ఏమిటి?" అని ఒకసారి అడిగి చూడండి. నేను అడిగాను. ఆరవ తరగతి చదివే ఒక బాలిక కాసేపు ఆలోచించి, "వర్గమూలం లాంటిదా గురూజీ?" అన్నది.

ఆ పొరపాటు ఆమెది కాదు. మరాఠీలో 'మూళ సంఖ్య' అన్నదానిని తెలుగులో 'ప్రధాన సంఖ్య' అంటాము. మనకు 'మూలం' అనగానే వర్గమూలమే స్ఫురిస్తుంది. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి ఆమెకు చూపినవారు లేరు. బడికి తెలుగు పట్టలేదు, ఇంటికి గణితం పట్టలేదు.

"తెలుగు కథలకూ పాటలకూ చాలును, లెక్కలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో నేర్వనిండు" అని మనలో చాలామంది అంటారు. ఈ మాటతో నేను ఏకీభవించను. పరీక్ష మరాఠీలో వ్రాయవలసినదే. అందులో వివాదం లేదు. కాని పిల్లలకు సందేహం పుట్టేది ఇంటి భాషలో. ఆ భాషలో మాటలు లేకపోతే సందేహం పైకి రాకుండానే అణగిపోతుంది.

మన ఊరు 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉండినది. 1956 నవంబరు 1న మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1న మహారాష్ట్రలో చేరినది. సరిహద్దులు మారినా ఇంటి మాట మారలేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని చెప్పే 350ఎ అధికరణం కూడా ఆ 1956లోనే రాజ్యాంగంలో చేరినది. అయితే అధికరణం బడి గురించి చెప్పగలదు గాని, రాత్రి భోజనాల వేళ మన ఇంట్లో జరిగే సంభాషణను నేర్పలేదు. అది మన పని.

ఆ పని కష్టమైనది కాదు. ఒక కాగితం మీద 1 నుండి 100 వరకు వ్రాయించండి. 1ని పక్కన పెట్టి 2, 3, 5, 7లను ఉంచి, వాటి మిగిలిన గుణిజాలన్నీ కొట్టివేయించండి. ఇరవై అయిదు సంఖ్యలు మిగులుతాయి. అవే ప్రధాన సంఖ్యలు: 2, 3, 5, 7, 11... కొట్టివేసినవి సంయుక్త సంఖ్యలు: 4, 6, 8, 9, 10... మరి 1 ఎక్కడ? అది ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు. కనుక 'ప్రధానం కానివి' అంటే వరుస 1తో, 'సంయుక్తాలు' అంటే 4తో మొదలవుతుంది. మాటను జాగ్రత్తగా వాడడం ఇంతకంటె బాగా ఏ వ్యాకరణ పాఠం నేర్పుతుంది?

ఇక ప్రధాన సంఖ్యలకు వరుస సంఖ్యలు వేయించండి. 2, 3, 5, 7, 11వ స్థానాలలో ఉన్నవి 3, 5, 11, 17, 31. ప్రధానం కాని 1, 4, 6, 8, 9వ స్థానాలలో ఉన్నవి 2, 7, 13, 19, 23. ఒకే వరుస నుండి రెండు కొత్త వరుసలు వచ్చాయి.

ఇది పెద్దలు చేయదగిన పని కాదనుకుంటే మన రాష్ట్రపు కాప్రేకర్ గారిని తలచుకోండి. నాసిక్ దగ్గరి దేవళాలీలో ఆయన బడిపంతులు. ఏ సంఖ్యకైనా దాని అంకెల మొత్తాన్ని కలిపితే మరొక సంఖ్య వస్తుంది: 21కి 3 కలిపితే 24. ఇలా ఎన్నటికీ రాని సంఖ్యలను ఆయన వేరు చేసి స్వీయ సంఖ్యలన్నారు: 1, 3, 5, 7, 9, 20, 31, 42... నూరు లోపు వాటిలో ప్రధానాలు 3, 5, 7, 31, 53, 97. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ వ్రాసిన తరువాత ఆ పంతులు గారి పేరు ప్రపంచానికి తెలిసినది.

మొదట చెప్పిన బాలిక ఈ పట్టికను చూసి, "24 నుండి 28 వరకు ఒక్కటీ లేదే! ఇంతకంటె పెద్ద ఖాళీ ఉంటుందా?" అని తెలుగులోనే అడిగినది. ఉన్నది: 90 నుండి 96 వరకు ఏడు. ఎంత పెద్ద ఖాళీ కోరినా దొరుకుతుంది. 2 నుండి 6 వరకు గుణిస్తే 720. దానికి 2 కలిపితే 2తో, 3 కలిపితే 3తో, అలా 6 వరకు భాగింపబడతాయి; కనుక 722 నుండి 726 వరకు ప్రధానం ఉండదు. 6 బదులు 100 వరకు గుణిస్తే తొంభైతొమ్మిది సంఖ్యల ఖాళీ సిద్ధం.

నేను కోరేది ఇంతే. ప్రతి ఇంటా ఒక చిన్న పుస్తకంలో జంట మాటలు వ్రాయించండి: మూళ సంఖ్య, ప్రధాన సంఖ్య, జోడమూళ సంఖ్య, కవల ప్రధాన సంఖ్య. మరాఠీకి ఇందువల్ల నష్టం లేదు. ఇకమీదట పిల్లలు "మూలమా?" అని తడబడరు. రేపు మీ బిడ్డ తెలుగులో ఒక లెక్క అడిగితే "బడిలో అడుగు పో" అనకండి. కూర్చోబెట్టి, కాగితం తీయండి.